మూలన ఉండే అంకె

పోయిన నెల ఉయ్యూరు నుంచి ఫోన్ వచ్చింది. "షమీమ్ గారేనాండీ?" అంది అవతల ఆడగొంతు. ఔనన్నాను. "నేను ఉషని" అంది. ఒకప్పుడు ఒసే, ఏమే అని పిలుచుకున్న మనిషి నోట 'గారు', 'అండీ' వినేసరికి ఒళ్ళు మండింది, అదేం చిత్రమో నవ్వూ వచ్చింది. "నాన్నకి బాగోలేదు. నిన్ను చూడాలంటున్నాడు. వస్తే రా, లేకపోతే నీ ఇష్టం" అని పెట్టేసింది. నాన్న అంటే రంగారావు మామయ్య. మా అబ్బాతో కలిసి ప్రెస్సు నడిపిన మనిషి. నమ్మించి మా అబ్బా గొంతు కోశాడని చిన్నప్పటినుంచీ నేను అనుకుంటూ వచ్చిన మనిషి. ససేమిరా వెళ్ళకూడదనుకున్నాను. ఇంట్లో కాలు నిలవక, ఓ పొద్దున బస్టాండుకు వెళ్ళి ఉయ్యూరు బస్సెక్కి కూర్చున్నాను. ఊరు దగ్గర పడుతుండగా చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన కిటికీలోంచి గుప్పున కొట్టింది. పక్క సీటావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. చిన్నప్పుడు నాకు అది సెలవుల వాసన, ఉషా వాళ్ళ ఊరి వాసన. అది పీలుస్తూనే వెనక్కి పోయాను, వద్దనుకున్నా ఆగలేదు.

బెజవాడ వన్‌టౌన్‌లో మాకు కింద ప్రెస్సు, పైన కాపురం. అమ్మీ నాకు ఊహ తెలియకముందే పోయింది. నన్ను పెంచింది అబ్బా తల్లి, మా దాదీ. మా ఇంట్లో అన్నానికీ బట్టలకీ కూడా సిరా వాసనే. దానికి తోడు అక్షరాలు కడిగే కిరసనాయిలు, పెరట్లో పెద్ద గిన్నెలో ఉడికే మైదా జిగురు. దాదీ తెల్లవారుజామున ఫజర్ నమాజ్ అయ్యాక తమలపాకుల డబ్బా ముందేసుకుని మెట్ల మీద కూర్చునేది. పనివాళ్ళు ఒక్కొక్కరే వస్తుంటే, "ఏమయ్యా, ఇప్పుడా తెల్లారింది నీకు?" అని పలకరించేది. ఆవిడ ఇంట్లో ఉర్దూ, మెట్ల మీద తెలుగు మాట్లాడేది. అబ్బా అచ్చక్షరాలు కూర్చే పని చూసేవాడు. మామయ్యది ఉయ్యూరులో చెరకు వ్యవసాయం. అన్నదమ్ములకు పొలం అప్పగించి, అబ్బాతో వాటా కలిపి, భార్యనూ ఉషనూ తెచ్చి మా వీధి చివర అద్దెకు దిగాడు. ఉషా నేనూ ఒకే బెంచీ. ఉష తల్లిని నేను అత్తయ్యా అనేదాన్ని. ఆవిడ నాకు జడలు వేసి, తన కూతురికి వేసిన పూలే నాకూ పెట్టేది. ఇందులో విశేషం ఏమైనా ఉందని అప్పట్లో ఎవరికీ తోచలేదు.

పెళ్ళి శుభలేఖలూ బిల్లు పుస్తకాలూ వేసినా, మా ప్రెస్సుకు అన్నం పెట్టింది గోడ క్యాలెండరు. కొత్త సంవత్సరం ఊళ్ళో అందరికీ జనవరిలో వస్తే మా ఇంటికి దసరాకే వచ్చేసేది. దీపావళినాటికి మేం వచ్చే ఏడు ఎండాకాలంలో ఉండేవాళ్ళం. ఒక్కో గడిలో మధ్యన పెద్ద ఇంగ్లీషు తేదీ, పైన తిథీ నక్షత్రం, కింద వర్జ్యం, రాహుకాలం, కుడి చేతి మూలన చీమంత ఇంకో అంకె. ఆ చిన్న అంకె మా తేదీ. రజబ్ ఎన్నో రోజు, రంజాన్ ఎన్నో రోజు అని చెప్పేది అదే. మా చుట్టుపక్కల ఏ తెలుగు క్యాలెండర్లోనూ అలా రోజూవారీ వేసేవారు కాదు, పండగల పేర్లు వేసి ఊరుకునేవారు. అది మా అబ్బా పట్టు. మసీదు దారిలో కిళ్ళీకొట్టు నుంచి ఇత్తడి సామాన్ల కొట్టు దాకా మా క్యాలెండరే వేలాడేది. "కరీం సాబ్ క్యాలెండర్లో మనమూ ఉన్నాం" అని మా వాళ్ళు చెప్పుకునేవారు. దాదీ అయితే వచ్చినవాళ్ళందరినీ గోడ దగ్గరకు లాక్కెళ్ళి, మూల మీద వేలు పెట్టి, "మేరా బేటా" అనేది.

తిథులు సిద్ధాంతి గారి దగ్గర్నుంచి రాతలో వచ్చేవి. వాటిని చూసి అబ్బా తన అంకెలు వేసుకునేవాడు. ఏటా మామయ్యకీ అబ్బాకీ ఒకటే వాదన. "మీ నెలవంక మా విదియ చంద్రుడేగా తమ్ముడూ? తిథి ఎదురుగా పెట్టాను, చూసి వరసగా దింపెయ్" అనేవాడు మామయ్య. "అట్లా కుదరదన్నా. మీ నెల లెక్కలో పుడుతుంది, మా నెల కంటికి కనపడితేగానీ పుట్టదు. మబ్బేసిందనుకో, ఇంకో రోజు ఆగాల్సిందే." "అంటే మబ్బుకి కూడా క్యాలెండర్లో జాగా ఇవ్వాలన్నమాట! సరే, అదీ వెయ్." మామయ్య ఊరుకునే రకం కాదు. వాళ్ళ నాన్న శిస్తు కాగితాల్లో ఫసలీ అని మరో సంవత్సరం ఉంటుందనీ, అది జులైలో మొదలవుతుందనీ, దాన్నీ ఓ మూలన ఇరికించమనీ అల్లరి పెట్టేవాడు. "ఆ ఫసలీ పెట్టింది మా పాదుషాలే" అనేవాడు అబ్బా. "అయితే శిస్తు కూడా మీరే కట్టండి బాబూ" అనేవాడు మామయ్య. ఇద్దరూ పడీపడీ నవ్వేవారు. మెట్ల మీద నుంచి దాదీ "పని చూడండయ్యా" అని కేకేసేది.

పిల్లలం మేం వీటన్నిటి మధ్యా నలిగాం. అత్తయ్య వయసులన్నీ పుష్కరాలతో కొలిచేది. ఉష పుష్కరాలు అయిన మరుసటేడు పుట్టింది, వాళ్ళ బాబాయి పెళ్ళి పుష్కరాల ముందు. ఉషకి తిథి ప్రకారం ఒక పుట్టినరోజు, స్కూల్లో ఇంకో పుట్టినరోజు. రెండుసార్లు కొత్త గౌను. నా పుట్టినరోజు దాదీ లెక్కలో ఉండేది, అది ఒక్కచోట నిలిచేది కాదు. ఒకసారి మామిడిపళ్ళప్పుడు వచ్చింది, పెద్దయ్యేసరికి చలికాలంలోకి నడిచిపోయింది. "మీ పండగలు ఎందుకే అలా వెనక్కి వెనక్కి వెళ్ళిపోతాయి?" అని ఉష అడిగితే, మామయ్య విప్పి చెప్పాడు. చంద్రుడి నెలలు పన్నెండు కలిపినా సూర్యుడి ఏడాదికి కాస్త తక్కువ పడతాయి. "మనకి అధికమాసం ఉంది కాబట్టి ఆ తరుగు సర్దుకుంటాం, వాళ్ళు సర్దుకోరు" అన్నాడు. అది విని దాదీ, "సర్దుకోవడం ఎందుకు? ఎండా వానా చలీ, అన్నిట్లోనూ ఉపవాసం ఉండి చూడాలి మనిషి" అంది. ఇక దాదీకి రోజు పొద్దుగూకాక మొదలవుతుంది. గురువారం దీపాలు పెట్టగానే శుక్రవారం వచ్చేసినట్టే. అత్తయ్యకు తెల్లారితేగానీ రోజు మారదు. ఓసారి దాదీ "శుక్రవారం రాత్రి ఇంట్లో పెద్దల పేర ఫాతిహా ఉంది, ఉషని పిలు" అంటే అలాగే పిలిచాను. ఆ పిల్ల శుక్రవారం చీకటి పడ్డాక పావడా కట్టుకుని దిగింది. హల్వా అంతకుముందు రోజే అయిపోయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు మహాతల్లి.

అంతకంటే పెద్ద తమాషా ఒక రంజాన్‌కు జరిగింది. క్యాలెండర్లో పండగ ఆ రోజని ఎర్రసిరాతో ఉంది. ముందు సాయంత్రం డాబా మీద వీధి వీధంతా మెడలు నొప్పిపుట్టేలా చూసింది, కృష్ణ మీద మబ్బు తప్ప ఏం కనపడలేదు. మసీదులో చెప్పారు, రేపూ ఉపవాసమే అని. ఆ సంగతి అత్తయ్యకు తెలియదు. తెల్లారేసరికి మామయ్యకు జరీ పంచె కట్టించి, తను పట్టుచీర కట్టి, ఉషకి తిథి పుట్టినరోజు గౌను తొడిగి, పూలూ పళ్ళూ పట్టించుకుని మెట్లెక్కి వచ్చేసింది. ఇంట్లో పొయ్యి రాజెయ్యలేదు. దాదీ తస్బీ పూసలు తిప్పుకుంటోంది. "అయ్యో అయ్యో, పండగ కాదా! క్యాలెండర్లో ఉందిగా!" అని అత్తయ్య తలపట్టుకుంది. అబ్బా మొహం చూడాలి, వేసిన క్యాలెండరు ఆయనదే మరి. మామయ్య అక్కడే చాప మీద చతికిలబడి, "తప్పు మనందరిదీ. ఇంక ఇవాళ మేమూ పచ్చి మంచినీళ్ళు ముట్టం" అన్నాడు. అన్నట్టే ఉన్నారు. ఉష మాత్రం మధ్యాహ్నం కిందకెళ్ళి జీళ్ళు కొనుక్కు తిని మూతి తుడుచుకుని వచ్చింది. సాయంత్రం అజాన్ అయ్యాక దాదీ మొదటి ఖర్జూరం అత్తయ్య నోట్లో పెట్టింది. ఆ ఇంట్లో నేను చూసిన అన్ని రోజుల్లోకీ మంచిరోజు ఏదంటే అదే చెబుతాను.

తర్వాత దాదీకి కళ్ళు మసకలు కమ్మాయి. మామయ్యకు తెలిసిన డాక్టరు ఉయ్యూరులో శుక్లాలు తీస్తాడంటే అక్కడే ఆపరేషన్ చేయించారు. కట్లు విప్పేదాకా కదలకూడదని దాదీని వాళ్ళింట్లోనే ఉంచారు. అత్తయ్యా ఉషా అక్కడే ఉండి చూసుకున్నారు. నాకు పరీక్షలు, నేను అబ్బాతో బెజవాడలో ఉండిపోయాను. అది రంజాన్ నెల. మందులు వేసుకోవాలి, ఉపవాసం వద్దని డాక్టరు చెప్పినా దాదీ వినలేదు, పుట్టి బుద్ధెరిగి ఒక్క రోజా, ఒక్క ఉపవాసం వదల్లేదు ఆవిడ. నెలాఖరులో, కళ్ళకు కట్టుతో ఉన్న ఆ మనిషితో అత్తయ్య "దాదీ, ఇవాళే మీ పండగ" అని చెప్పి, సేమ్యా కాచి తన చేత్తో తినిపించింది. నెలవంక కనపడలేదు, అసలు పండగ మర్నాడు. ముప్పయ్యో రోజా అలా పోయింది. కట్లు విప్పించుకుని ఇంటికొచ్చిన దాదీ అత్తయ్యను ఒక్క మాట అనలేదు, అసలు మాట్లాడటమే తగ్గించేసింది. క్యాలెండరు ముందు నిలబడటం మానేసింది. మా వీధిలో మాత్రం ఎవరో అన్నారు, "కావాలనే తినిపించి ఉంటారు" అని. నేను పక్కనే ఉన్నాను. అబ్బా తల వంచుకుని టీ తాగాడు. అలాంటి మనుషులు కారు వాళ్ళు అంటాడేమోనని చూశాను. అనలేదు.

ఆ ఏడు దసరా దాటాక కొత్త క్యాలెండర్లు బయటికొచ్చాయి. రేకు పట్టీలు కొట్టి, కట్టలు కట్టి, బళ్ళ మీద పోయాక, కొట్లలో వేలాడాక చూశారు జనం. మూల ఖాళీగా ఉంది. పన్నెండు నెలలకూ పన్నెండు కాగితాలు, ఒక్క గడిలోనూ మా అంకె లేదు. పండగ పేర్లు మాత్రం ఉన్నాయి, అందరి క్యాలెండర్లలాగే. కిళ్ళీకొట్టాయన మమ్మల్ని ఆపి, "ఏం కరీం సాబ్, మమ్మల్ని తీసేశారా?" అన్నాడు. అబ్బా చెయ్యి నా చేతిలో ఉంది. "రంగన్న తీయించాడు. నన్నడగలేదు" అన్నాడు అబ్బా. నా చెవులతో విన్నాను. సాయంత్రానికి వీధంతా అదే మాట. అవును మరి, వాళ్ళకేం పట్టింది? వాళ్ళది కాదుగా! ఆ మాట ఎంత తేలిగ్గా అతుక్కుందో, దానికి జిగురు కూడా అక్కర్లేకపోయింది. దీపాలు పెట్టే వేళకు మామయ్య మా ఇంటికొచ్చాడు. గుమ్మంలో అబ్బా నిలబడ్డాడు, వెనకాల వీధి నిలబడింది. "ఇంక మనకి పొసగదన్నా" అన్నాడు అబ్బా. మామయ్య ఆయన మొహంలోకి చాలాసేపు చూసి, ఏమీ అనకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. తప్పు చేశాడు కాబట్టే నోరు పెగల్లేదనుకున్నాం.

వాటాలు తెంచుకున్నాక ప్రెస్సు మామయ్యకు పోయింది. అబ్బా ఇబ్రహీంపట్నంలో ఎవరి ప్రెస్సులోనో అక్షరాలు కూర్చే పనికి కుదిరి, అక్కడే ముసలివాడయ్యాడు. నేను బెంచీ మారాను. ఉష రెండుమూడుసార్లు దగ్గరకొచ్చింది, మొహం తిప్పుకున్నాను. అది తప్పని ఇప్పుడు లెంపలేసుకోను. నాకు చెప్పినదాన్ని బట్టి నడుచుకున్నాను, చెప్పింది కన్నతండ్రి. అబ్బా పోయినప్పుడు మామయ్య ఖబరస్తాన్ గేటు దాకా వచ్చి, ఎండలో బయటే నిలబడి, అందరూ వెళ్ళాక వెళ్ళాడట. ఎంత గుండెలు తీసిన బంటు, ఏ మొహం పెట్టుకుని వచ్చాడు అనుకున్నాను నేను.

ఆ మనిషి ఇప్పుడు ఉయ్యూరులో వరండాలో మంచం మీద దుప్పటికి అంటుకుపోయి ఉన్నాడు. "షమీమా? రా అమ్మాయ్, కూర్చో" అన్నాడు. కాఫీ వద్దన్నాను. "ఎందుకు తీశావు మామయ్యా?" అని ఒక్కటే అడిగాను. ఆయన కాసేపు ఆయాసపడి, "నేను తీయలేదమ్మా. మీ నాన్నే తీసెయ్యమన్నాడు" అన్నాడు.

"అబద్ధం" అన్నాను. లేచి నిలబడ్డాను కూడా.

"నువ్వు అట్లాగే అంటావని తెలుసు. విని వెళ్ళు. ఓసారి దెబ్బ తిన్నదిగా, అందుకని మీ అత్తయ్య ముందే అడిగింది. మీ నాన్న దాదీని చూడటానికి వచ్చినప్పుడు, 'తమ్ముడూ, ఈసారి పండగ ఖాయంగా ఆ రోజేనా? ఇక్కడ మసీదు దూరం, మాకు తెలిసి చావదు' అంది. మీ నాన్న నవ్వి, 'అచ్చులో ఉందిగా వదినా, ఈసారి తిరుగు లేదు' అన్నాడు. ఆ మాట పట్టుకునే పెట్టింది పిచ్చిది. మర్నాడు మీ నాన్న వచ్చి సంగతి తెలుసుకుని, మా దొడ్లో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. 'అమ్మ రోజా నేనే పోగొట్టానన్నా. ఆ అంకె ఇంక నా చేత్తో వెయ్యలేను, తీసెయ్. కానీ నేను తీశానంటే మసీదులో తలెత్తుకోలేను, అమ్మకి నా తప్పు తెలిసిపోద్ది. కొన్నాళ్ళు నీ మీద వేసుకో. తర్వాత నేనే అందరికీ చెప్తా' అన్నాడు. సరేలే తమ్ముడూ, కొన్నాళ్ళేగా అన్నాను."

మళ్ళీ కూర్చున్నాను. "ఆయన పోయాకైనా చెప్పొచ్చుగా మాకు?"

"పోయినవాడి మీద చెబితే ఎవరు నమ్ముతారమ్మా? అదీగాక నీకు మిగిలింది ఆ నాన్న ఒక్కడే. ఆయన్ని కూడా లాక్కోవడం దేనికని."

"మరి ఇప్పుడెందుకు చెప్పావు?"

"నేనూ పోతున్నానుగా. మోసగాడిగా పోవడం కష్టంగా ఉంది" అని కళ్ళు మూసుకున్నాడు.

వంటింటి గుమ్మంలో ఉష నిలబడి ఉంది. జుట్టు నెరిసింది, అచ్చం అత్తయ్యలా ఉంది. "నీకు తెలుసా?" అన్నాను. "ఆ రోజు మీ నాన్న 'తిరుగు లేదు' అన్నప్పుడు అమ్మ పక్కన నేనే ఉన్నానే" అంది. "మరి చెప్పి చావచ్చుగా!" అని అరిచాను. "నాన్న ఒట్టు వేయించుకున్నాడు. అయినా నువ్వొక్కసారి, ఏమే ఉషా నిజమా అని అడిగుంటే, ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టేదాన్ని. అడుగుతావేమోనని ఎన్నాళ్ళు చూశానో! అమ్మ పోయేదాకా దాదీ రోజా గురించే ఏడ్చింది" అంది. నాకు ఏడుపు రాలేదు. ఉష చెయ్యి పట్టుకోవాలనిపించింది, ఏ హక్కుతో పట్టుకుంటాను? బస్సుకు టైమవుతుందని చెప్పి బయటపడ్డాను. "మళ్ళీ వస్తావా?" అంది గేటు దగ్గర. వస్తానన్నాను.

తిరుగు బస్సులో పక్కన కాలేజీ పిల్ల ఫోన్ చూసుకుంటోంది. ఇప్పుడు ఆ ఫోన్లో అన్నీ ఉన్నాయి. తిథి కావాలంటే తిథి, హిజ్రీ కావాలంటే హిజ్రీ. నెలవంక కబురు మేం మెడలెత్తకముందే వాట్సాప్‌లో వచ్చేస్తుంది. తప్పు పడినా ఫలానా ప్రెస్సు వాడిదని నిలదీసేవాళ్ళు లేరు. మా ప్రెస్సు ఉన్నచోట ఫ్లెక్సీలు వేస్తున్నారు. ఎవరూ పక్కింటి పండగకు ఒక రోజు ముందు వచ్చి పస్తులుండరు. ఆ రోజులు గొప్పవని రాద్దామని ఎన్నోసార్లు అనుకున్నదాన్ని, ఇప్పుడు చెయ్యి రావడం లేదు. జనవరికీ ఉగాదికీ మొహర్రానికీ ఫసలీకీ లెక్క చెప్పగలిగిన ఇంట్లో పెరిగాను. 'కొన్నాళ్ళు' అంటే ఎన్నాళ్ళో నాకెవరూ చెప్పలేదు. తప్పు పడినందుకు నాకు అబ్బా మీద కోపం లేదు, మబ్బేస్తే ఎవరేం చేస్తారు? కానీ ఆ అంకె తీసిన నింద ఎవరి మీద వేస్తే జనం మారుమాట అడక్కుండా నమ్ముతారో చూసుకుని మరీ వేశాడు. నేను కూడా నమ్ముతానని ఆయనకి తెలుసు. నాకు కాలేది అక్కడ. పరాయివాళ్ళు మోసం చేస్తే తిట్టుకుని ఊరుకోవచ్చు. చెయ్యి పట్టుకుని నడిపించినవాడు చేస్తే ఎవరితో చెప్పుకోను?

చివరి రోజుల్లో అబ్బా మంచం పక్కన ఉన్నది నేనే. అన్నం కలిపి పెట్టాను, ఒళ్ళు తుడిచాను. ఒక సాయంత్రం ఉన్నట్టుండి, "రంగన్న ఎలా ఉన్నాడో" అన్నాడు. "ఆ మోసగాడి ఊసు ఇప్పుడెందుకు అబ్బా?" అన్నాను. ఆయన పెదాలు కదిలాయి. నీళ్ళు కావాలేమోనని గ్లాసు అందుకున్నాను. నా మొహంలోకి కాసేపు చూశాడు. తర్వాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు.